మంత్రిగారి ఇంటర్వెల్

ఆంధ్ర రాష్ట్రంలో ఇకమీదట గుండెజబ్బు ఉండబోదని శరీర దారుఢ్య శాఖ మంత్రి రామలింగప్పగారు కర్నూలు హైస్కూలు మైదానంలో ప్రకటించినప్పుడు నేను ఆడవాళ్ల వరుసలో ముందు బల్ల మీదనే ఉన్నాను. కాబట్టి ఆ చారిత్రక ఘట్టానికి నేను ప్రత్యక్ష సాక్షిని.

రామలింగప్పగారు అప్పుడే జర్మనీ నుంచి తిరిగి వచ్చారు. ప్రజల కోసం విమానమెక్కి, ప్రజల కోసం పెద్ద హోటల్లో దిగి, ప్రజల కోసం అక్కడొక గుండె డాక్టరును కలుసుకున్నారు.

"ఆ మహానుభావుడు నాతో ఏమన్నాడు?" అని మంత్రిగారు మైకును రెండు చేతులా పట్టుకున్నారు. "మిస్టర్ రామలింగప్పా! శక్తి కొద్దీ పరుగెత్తు. ఆగు. మళ్లీ పరుగెత్తు. మళ్లీ ఆగు. ఆ మధ్యలో ఆగడం ఉంది చూడు, దాని పేరు ఇంటర్వెల్. గుండె పెరిగేది పరుగులో కాదు, ఇంటర్వెల్‌లో అన్నాడు!"

ఇంటర్వెల్ అన్న మాట మైకులో వినిపించగానే సభలో సగం మంది లేచి బయటికి నడిచారు. కర్నూలులో ఆ మాటకు ఒకటే అర్థం. టూరింగు టాకీసులో దీపాలు వెలగడం, అందరూ గోలీసోడాకు, మిరపకాయ బజ్జీకి ఎగబడడం. బయట బండ్లవాళ్లు కూడా ఆ మాట విని "సోడా, సోడా" అని కేకలు మొదలుపెట్టారు.

మంత్రిగారు తొణకలేదు. "చూడండి, ప్రజల్లో అప్పుడే కదలిక వచ్చింది" అన్నారు. మర్నాడు పత్రికలో కూడా అదే పడింది.

మా అద్దె ఇల్లు మంత్రిగారి బంగళా వెనకే. మధ్యన ఒక మట్టిగోడ. మావారు ఆ శాఖలోనే గుమాస్తా. కర్నూలు రాజధాని అయినప్పుడు ప్రభుత్వానికి సరిపడా కట్టడాలు లేక చాలా ఆఫీసులు డేరాల్లో పెట్టారు. మావారిది ఇంకా డేరాలోనే ఉండేది. గాలి గట్టిగా వీస్తే ప్రభుత్వం ఎగిరిపోయేది. ఎగిరిన ఫైళ్లను తుంగభద్రలో పడకముందే పరుగెత్తి పట్టుకొచ్చే బంట్రోతు ఒకడుండేవాడు. అతడే దేవేంద్రప్ప.

దేవేంద్రప్పది ఆదోని వైపు పల్లె. ఎండు కట్టెలాంటి మనిషి. భార్య ఈరక్కతో బంగళా వెనక రేకుల కొట్టంలో ఉండేవాడు. ఉద్యోగం టెంపరరీ. పర్మనెంటు బంట్రోతులకు ఛాతీ మీద అడ్డంగా పటకా, దానికి మెరిసే ఇత్తడి బిళ్ల ఉంటాయి. దేవేంద్రప్పకు ఛాతీ మాత్రమే ఉండేది. ఆ ఏడు నవంబరులో రాజధాని హైదరాబాదుకు పోతుందని తేలిపోయింది. బిళ్ల ఉన్నవాళ్లు ప్రభుత్వంతో వెళ్తారు. లేనివాళ్లు వాళ్ల ఊళ్లకు పోవాలి. దేవేంద్రప్ప ఊళ్లో చేను ఉంది గాని, దాని మీద వాన పడి చాలాకాలమైంది.

ఈరక్క రోజూ మజ్జిగకు వచ్చి, "మా ఆయన బిళ్ల సంగతేమాయనో అయ్యను అడుగమ్మా" అనేది. నేను మావారిని అడిగేదాన్ని. "ప్రభుత్వ పరిశీలనలో ఉంది" అనేవారు ఆయన, ఆకు మడుస్తూ. ఆ మాటే నేను ఈరక్కకు చేరవేసేదాన్ని. ఆమె దాన్ని మజ్జిగతో పాటు జాగ్రత్తగా తీసుకుపోయేది.

నవంబరు భయం మంత్రిగారికీ లేకపోలేదు. రెండు రాష్ట్రాలు కలిస్తే రెండు మంత్రివర్గాలు ఒకటవుతాయి. ఉన్న కుర్చీలకు మనుషులు ఎక్కువవుతారు. రామలింగప్పగారు మెట్లెక్కితే ఆయాసపడతారనీ, గుండె బలహీనమనీ గిట్టనివాళ్లు పైకి చేరవేశారు. ఆయన జర్మనీకి వెళ్లింది కూడా అందుకేనని అన్నారు. లోకం ఎంత అన్యాయమైంది!

ఆ అపవాదును పోగొట్టడానికి మంత్రిగారు స్వయంగా పరుగు ప్రారంభించిన ఉదయం నేను గోడ ఇవతల వడియాలు పెడుతున్నాను. ఆయన తెల్ల నిక్కరు, జర్మనీ కేన్వాసు బూట్లు వేసుకుని మెట్ల మీద నిలబడ్డారు. ప్రైవేటు సెక్రటరీ శాంతయ్య విజిలు ఊదాడు. మంత్రిగారు గేటు వైపు దూకారు. తులసికోట దాకా బ్రహ్మాండంగా పరుగెత్తారు. తులసికోట మెట్లకు ఐదారు అడుగుల దూరంలోనే ఉంటుంది.

అక్కడ ఆగి శాంతయ్య భుజం పట్టుకున్నారు. "ఇంటర్వెల్" అన్నారు.

ఆ ఇంటర్వెల్ సాయంత్రం దాకా సాగింది. పడక్కుర్చీ తెప్పించి వేపచెట్టు కింద వేశారు. నా వడియాలు ఎండేలోగా గోడ అవతల ఒక కొత్త సిద్ధాంతం పుట్టింది.

"శాంతయ్యా, ఉరుకు ల్యాకుండా ఒట్టి ఇంటర్వెల్ తీసుకుంటే ఏమవుతాదప్పా?"

"సార్, తమరు ఉపన్యాసం ఇస్తారు. రాసేదెవరు?"

"నువ్వు."

"ఫైలు మీద తమరు సంతకం పెడతారు. నోటు రాసేదెవరు?"

"గుమాస్తా."

"పేరెవరికొస్తాంది సార్?"

"నాకే గదప్పా."

"ఉరుకు గూడ అంతే సార్. అది కిందివాళ్ల పని. గుండె పెరిగేది ఇంటర్వెల్‌లోనని జర్మనీ డాక్టరే చెప్పె. తమరు ఇంటర్వెల్ చూసుకోండి."

మంత్రిగారు శాంతయ్యను మెచ్చుకోలుగా చూశారు. "ఈ సంగతి జర్మనీవాండ్లకు తట్టలేదు సూడు" అన్నారు.

ఉత్తరువు చిత్తుప్రతి రాసే భాగ్యం మావారికి దక్కింది. భోజనం ముందు కూడా కాగితం వదల్లేదు. "హృదయ వ్యాయామమునందలి పరుగు భాగమును క్రింది తరగతి సిబ్బందియు, విరామ భాగమును గెజిటెడు అధికారులును నిర్వహించవలెను" అని చదివి, "నిర్వహించవలెను బాగుందా, అనుభవించవలెను బాగుందా?" అని నన్నడిగారు. నేను బి.ఏ. చదివాను కాబట్టి ఇలాంటివి నన్నడుగుతారు. రెండోది నిజానికి దగ్గరగా ఉందన్నాను. ఆయన మొదటిదే ఉంచారు.

మంత్రిగారి పరుగు భాగానికి దేవేంద్రప్పను నియమించారు. "బాగా ఉరుకు. బిళ్ల నీ ఛాతీ మీద ఉండేట్టు నేను చూస్తా" అని శాంతయ్య అతని వీపు తట్టాడు.

ఈరక్కకు మాత్రం అర్థం కాలేదు. "మా ఆయనకు ఉరికేది కొత్తేం కాదుమ్మా, పుట్టినప్పటినుంచి ఉరుకుతానే ఉండాడు. ఆయప్ప ఉరికితే మంత్రయ్య గుండె ఎట్ల గట్టిపడతాది? నేను రొట్టె తింటే నీ కడుపు నిండుతాదా?"

ప్రభుత్వ నిబంధనలు చదవని వాళ్లకు ఇలాంటి సందేహాలే వస్తాయని చెప్పి పంపాను.

ఆ తరువాత తుంగభద్ర ఒడ్డు చూడముచ్చటగా ఉండేది. పొద్దున్నే అన్ని శాఖల అధికారులూ పేము కుర్చీల్లో వరుసగా కూర్చునేవారు. ఎవరి బంట్రోతు వాళ్ల ముందు నిలబడేవాడు. శాంతయ్య విజిలు ఊదగానే బంట్రోతులు ఇసుకలో ప్రాణాలు ఒడ్డి పరుగెత్తేవాళ్లు. రెండో విజిలుకు ఆగేవాళ్లు. ఆగింది మొదలు ఇంటర్వెల్. అది అధికారులది గనుక, బంట్రోతులు రొప్పుతూనే బొరుగుల ఉగ్గాని, బజ్జీ ప్లేట్లు అందించేవాళ్లు. ఇంటర్వెల్ అంటే ఏమిటో కర్నూలు ప్రజలు మొదటిరోజు సభలోనే సరిగ్గా అర్థం చేసుకున్నారని నాకు అప్పుడు తెలిసింది.

నేను నదికి నీళ్ల కోసం వెళ్లిన ఒక పొద్దున దేవేంద్రప్ప ధైర్యం చేసి అడిగాడు.

"సారూ, మాకు ఇంటర్వెల్ యాడ?"

"నీది ఏం పోస్టప్పా?" అన్నాడు శాంతయ్య.

"టెంపరరీ సారూ."

"టెంపరరీకి ఇంటర్వెల్ ఉంటాదా? పర్మనెంటు కానీ, చూద్దాం. మంత్రిగారికి ఇంకో బజ్జీ తీసుకురా."

మంత్రిగారిలో మార్పు అందరికీ కనపడసాగింది. కోటు గుండీలు పట్టడం మానేశాయి. దర్జీ వచ్చి కొలతలు మార్చుకున్నాడు. "గుండె పెరుగుతాండాది శాంతయ్యా" అని మంత్రిగారు నడుము మీద చెయ్యి పెట్టి చూపించేవారు. "బాగా కనపడుతోంది సార్" అనేవాడు శాంతయ్య. గుండె అంత కిందికి కూడా పెరుగుతుందని నేను చదువుకున్న పుస్తకాల్లో లేదు.

దసరా ముందు పైనుంచి తాఖీదు వచ్చింది. కొత్త మంత్రివర్గంలో చేరదలచినవారు గుండె సర్టిఫికెట్టు పంపాలి. పెద్దాసుపత్రి నుంచి డాక్టర్ దావీదురాజుగారిని బంగళాకు పిలిపించారు. వచ్చినవాళ్లకు మజ్జిగ కలపడానికి మంత్రిగారి భార్య నన్ను రమ్మన్నారు. అందువల్ల ఈ పరీక్షను కూడా వసారా తలుపు దగ్గరి నుంచి చూడగలిగాను.

దావీదురాజుగారు నెమ్మదైన మనిషి. కడపలో ఎవరి విషయంలోనో ఒక నిజం రాసి, ఆ కారణంగా కర్నూలుకు బదిలీ అయి వచ్చారు. "అయ్యా, కాసేపు ఈ పీట ఎక్కి దిగండి. ఆ తరువాత గుండె వింటాను. అదే పరీక్ష" అన్నారు.

శాంతయ్య ఉత్తరువు తీసి చేతిలో పెట్టాడు. డాక్టరుగారు చదివారు. వెనక్కి తిప్పి అక్కడేమైనా ఉందేమో చూశారు.

"అయితే పీట ఎక్కేదెవరు?"

"దేవేంద్రప్ప. పరుగు, ఎక్కుడు, దిగుడు అన్నీ అతని భాగమే."

"నేను వినేది?"

"పీట ఎక్కినవాడి గుండెనే వినాలని మీరే అంటిరి గదా డాక్టర్‌గారూ. ఎక్కనివాడిది వింటే అది పరీక్షెట్లవుతుంది?"

దేవేంద్రప్ప పీట ఎక్కాడు, దిగాడు. ఆపమనేవాళ్లు లేక ఎక్కుతూ దిగుతూనే ఉన్నాడు. డాక్టరుగారు చాలించమని, అతని ఛాతీ మీద గొట్టం పెట్టి విన్నారు. కళ్లు మూసుకుని చాలాసేపు విన్నారు, మంచి కచేరీ వింటున్నట్టు. తరువాత కళ్లు తెరిచి మంత్రిగారిని చూశారు, శాంతయ్యను చూశారు, బహుశా కడపను కూడా తలుచుకున్నారు. "శ్రీ రామలింగప్పగారి హృదయము గడియారమువలె కొట్టుకొనుచున్నది. ఇట్టి హృదయమును నా అనుభవములో చూడలేదు" అని రాసి సంతకం చేశారు.

రెండో మాట అక్షరాలా నిజం.

మర్నాడు పత్రికలో "మంత్రిగారిది పడుచు గుండె" అని పెద్ద అక్షరాల్లో వచ్చింది. కొత్త మంత్రివర్గంలో ఆయన కుర్చీ ఖాయమైందన్నారు.

ఇక దేవేంద్రప్ప వంతు. పర్మనెంటు కావాలంటే బంట్రోతుకూ గుండె సర్టిఫికెట్టు ఉండాలి. ఆ వారమే మళ్లీ అదే వసారా, అదే డాక్టరు, అదే మజ్జిగ. ఈసారి ఈరక్క కూడా వచ్చి స్తంభం పక్కన నిలబడింది. దేవేంద్రప్ప చొక్కా తీసి నిలుచున్నాడు. డాక్టరుగారు గొట్టం పెట్టిన వెంటనే తల ఎత్తారు.

"ఇది నేను విన్న గుండె."

శాంతయ్య ముఖం మారింది. "అదే చిక్కు డాక్టర్‌గారూ. ఈ గుండె మంత్రిగారి పేరున పైకి పోయింది. ఒక గుండెకు రెండు సర్టిఫికెట్లిస్తే ఆడిటువాళ్లు పట్టుకుంటారు. ఏమప్పా దేవేంద్రప్పా, నీకు ఇంకో గుండె ఏమన్నా ఉందా?"

"ల్యా సారూ. ఇదొకటే" అన్నాడు దేవేంద్రప్ప, తప్పు చేసినట్టు.

ఈరక్క స్తంభం వదిలి ముందుకు వచ్చింది. "ఏమప్పా, మా ఆయన గుండె మీరు రాపిచ్చుకుంటిరి. మరి మీ గుండె మాకు రాపియ్యల్ల గదా? మనిషన్నాక ఏదో ఒకటి ఉండల్లనా వద్దా?"

ఇది న్యాయంగా ఉందని శాంతయ్యకే తోచింది. మంత్రిగారు కరిగిపోయారు. "బీదోనికి నా గుండె ఇచ్చేదానికి నేనెప్పుడూ ఎనకాడలేదమ్మా" అని కోటు విప్పి పడక్కుర్చీలో వెనక్కి వాలారు. "దేవేంద్రప్ప పేరున రాసుకోండి డాక్టర్."

దావీదురాజుగారు గొట్టం పెట్టారు. మంత్రిగారి గుండెను మంత్రిగారిది కాకుండా వినే అవకాశం ఏ డాక్టరుకు దొరుకుతుంది! ముందు విన్నారు, పక్కన విన్నారు, లేపి కూర్చోబెట్టి వెనక విన్నారు. పాదాలు నొక్కి వాపు చూశారు. తరువాత చాలా కాలంగా ఆకలిగా ఉన్న మనిషి అన్నం ముందు కూర్చున్నట్టు కాగితం ముందు కూర్చున్నారు. రాసింది పైకి చదివారు.

"దేవేంద్రప్ప గుండె పెరిగినది."

"పెరిగిందా!" మంత్రిగారు కుర్చీలోంచి లేచినంత పనిచేశారు. "నేను చెప్పలే శాంతయ్యా? పెరిగింది!"

"పెరగడం మంచిది కాదండి," అన్నారు డాక్టరుగారు. ఇంకా చదివారు. "ఏ ఉద్యోగమునకును పనికిరాడు. పరుగు మాట అటుంచి నడక కూడ తగ్గించవలెను. నూనె వంటకములు మానవలెను. వెంటనే పూర్తి విశ్రాంతి ఈయనిచో ప్రాణాపాయము."

మంత్రిగారు దేవేంద్రప్ప వైపు జాలిగా చూశారు. "పాపం, ఇంత జబ్బు పెట్టుకోని ఉరుకుతాంటివా? జాగ్రత్తప్పా. బజ్జీలు తినొద్దు."

"నేను యాడ తింటి సారూ" అన్నాడు దేవేంద్రప్ప.

నేను డాక్టరుగారికి మజ్జిగ ఇస్తూ, "పేరొకటి తప్పు పడినట్టుందండీ" అన్నాను. "రోగం తప్పు పడలేదమ్మా" అని ఆయన గ్లాసు అందుకున్నారు.

పనికిరాడని తేలిన మనిషిని నవంబరు నుంచి తొలగిస్తూ ఉత్తరువు వచ్చింది. అందాకా నదీతీరాన మంత్రిగారి పరుగు ఆగకూడదని దాని కిందనే ఇంకో వాక్యం ఉంది. దేవేంద్రప్ప రెండింటినీ పాటించాడు. ఈరక్క మజ్జిగకు వచ్చినప్పుడు బిళ్ల సంగతి అడగడం మానేసింది. "ఊరికి పోతే వాన పడి ఉంటాదేమో లేమ్మా" అంది ఒకసారి. నేనేమీ చేరవేయలేకపోయాను.

ఆఫీసు స్పెషల్ బండి హైదరాబాదుకు బయలుదేరే రోజు కర్నూలు స్టేషను తిరునాళ్లలా ఉంది. మావారు ఫైళ్ల పెట్టెలతో ముందే ఎక్కారు. ఇల్లు దొరికాక నన్ను తీసుకుపోతారట. శాంతయ్య మంత్రిగారి సర్టిఫికెట్టు నకలుకు అద్దం కట్టించి ఒళ్లో పెట్టుకుని మొదటి తరగతి పెట్టెలో కూర్చున్నాడు. ఆ పెట్టె ఇంజను పక్కన, ప్లాట్‌ఫారం ఆ చివరన ఉంది. మంత్రిగారు మాత్రం రాలేదు. వీడ్కోలు ఫలహారం ఇంకా పూర్తి కాలేదని కబురు వచ్చింది.

గార్డు విజిలు ఊదే వేళకు కారు వచ్చింది. మంత్రిగారు లోపలికి వచ్చి ప్లాట్‌ఫారం పొడవు చూశారు. నాలుగడుగులు వేసి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, నేనూ ఈరక్కా కూర్చున్న బెంచీ మీద కూలబడ్డారు. వెనకాలే ఆయన తోలుపెట్టె మోసుకుంటూ దేవేంద్రప్ప. అదే అతని ఉద్యోగంలో ఆఖరి పని. సాయంత్రం బస్సుకు వాళ్లిద్దరూ ఊరికి పోవాలి. దారికి చేసుకున్న జొన్నరొట్టెల మూట ఈరక్క ఒళ్లో ఉంది.

ఇంజను కూత వేసింది. బండి కదిలింది.

"దేవేంద్రప్పా!" అని మంత్రిగారు కేక పెట్టారు. "ఉరుకు!"

దేవేంద్రప్ప ఉరికాడు. అంతకాలం ఇసుకలో ఉరికినవాడికి సిమెంటు గచ్చు ఒక లెక్కా? పెట్టె నెత్తిన పెట్టుకుని, జనాన్ని చీల్చుకుంటూ, మూడో తరగతి పెట్టెల్ని ఒక్కొక్కటే దాటి ఉరికాడు. కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి బంట్రోతులందరూ అరిచారు. వాళ్లలో ఒకడు విజిలు కూడా వేశాడు. దేవేంద్రప్ప మొదటి తరగతి కడ్డీ పట్టుకుని లోపలికి దూకాడు.

"మంత్రిగారు ఎక్కారా?" అని గార్డు వెనకనుంచి గొంతు చించుకున్నాడు.

శాంతయ్య తలుపులోంచి వంగి చూశాడు. బెంచీ వైపు చూశాడు. పక్కన నిలబడిన దేవేంద్రప్పను చూశాడు. చేతిలోని సర్టిఫికెట్టు మరోసారి చదువుకున్నాడు.

"ఎక్కారు!"

గార్డు పచ్చజెండా ఊపుతూనే మా ముందునుంచి వెళ్లిపోయాడు.

మంత్రిగారు కళ్లు మూసుకునే నన్ను అడిగారు. "ఎక్కినానా?"

"ఎక్కారండి" అన్నాను.

"ఇంగ ఇంటర్వెల్" అని ఆయన సంతోషంగా వెనక్కి వాలారు.

స్టేషను మాస్టరు డాక్టర్ దావీదురాజుగారిని పిలిపించారు. ఆయన వచ్చి నాడి చూసి, కదపవద్దని, పూర్తి విశ్రాంతి కావాలని చెప్పి, మందుచీటీ దేవేంద్రప్ప పేరున రాసిచ్చారు.

మర్నాటి పత్రిక ఈరక్క వచ్చేసరికి నా చేతిలోనే ఉంది. మంత్రి రామలింగప్పగారు హైదరాబాదు స్టేషనులో బండి పూర్తిగా ఆగకముందే చురుగ్గా దిగారట. ఎవరు వారించినా వినక తమ పెట్టె తామే నెత్తిన పెట్టుకున్నారట. పూలదండ వేయబోతే మొహమాటపడి తల వంచుకున్నారట. ఇంత నిరాడంబరుడైన నాయకుణ్ణి తెలుగుదేశం ఎరగదని విలేకరి రాశాడు.

ఈరక్క నోరు తెరుచుకుని విన్నది. "దండ ఏసినారా? బువ్వ పెట్టినారంటనా? రొట్టెల మూట ఈడనే ఉండిపాయ."

"విందు జరిగిందని రాశారు."

ఆమె మజ్జిగ చెంబు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది.

"అట్లనే బిళ్ల గూడ ఇచ్చినారేమో, ఇంగోసారి సూడమ్మా."

పత్రిక మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివాను, ప్రకటనలతో సహా. బిళ్ల సంగతి ఎక్కడా లేదు. ఆమె నా ముఖం వైపే చూస్తోంది.

"ప్రభుత్వ పరిశీలనలో ఉందట" అన్నాను.